నురుగు బాగా వచ్చే నీళ్లు మంచివేనా? బోరు నీళ్లపై అపోహలు - వాస్తవాలు

పోయిన మే నెలలో చౌటుప్పల్ వైపు నుంచి ఒక పెద్దాయన హైదరాబాద్‌లోని మా ల్యాబ్‌కు వచ్చాడు. చేతిసంచిలో ఒక సీసాతో బోరు నీళ్లు, పాత టవల్‌లో చుట్టిన మట్టిగడ్డ ఉన్నాయి. "బిడ్డా, మా బోరు నీళ్లు కొబ్బరినీళ్ల లెక్కుంటయి. పప్పు పెడితే ఇట్లే ఉడుకుతది. సబ్బు పెడితే నురుగు ఎంత కడిగినా పోదు. మరి ఇంత మంచి నీళ్లు పారిస్తుంటే వరి ఎందుకు ఎర్రబడుతున్నది?" అని అడిగాడు.

నేను గాజు గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి, ఆయన తెచ్చిన గడ్డలోంచి శనగగింజంత ముక్క విరిచి అందులో మెల్లగా వదిలాను. "కాకా, చాయ్ తాగి వద్దాం, అప్పటిదాకా దీన్ని కదిలించొద్దు" అన్నాను. మేం తిరిగి వచ్చేసరికి ముక్క చుట్టూ పల్చటి పాలలాంటి మబ్బు కమ్ముకుని ఉంది. ఇంకో గంటకు గ్లాసు నీళ్లన్నీ తెల్లబడ్డాయి. మంచి నేల ముక్క అయితే నీళ్లలో పగిలి పొడిపొడిగా అడుగుకు చేరుతుంది కానీ పైనున్న నీళ్లు తేటగానే ఉంటాయి. తర్వాత ఆ మబ్బునీళ్లలో చిటికెడు జిప్సం వేసి కలిపి పక్కన పెట్టాను. మట్టి కిందికి దిగి నీళ్లు తేటపడ్డాయి. పెద్దాయన గ్లాసును వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

నీళ్లు, మట్టి పరీక్షించి రైతులకు సలహా చెప్పడం పదహారేళ్లుగా నా పని. ఈ గ్లాసు పరీక్షను ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. వాననీళ్లు గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ వాడాలి, బోరు నీళ్లతో చేస్తే తప్పు చూపిస్తుంది. బోరుకు ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయో ఊరందరికీ తెలుస్తుంది. అవి ఎలాంటి నీళ్లో మాత్రం పొలం పాడయ్యాక గానీ ఎవరూ అడగరు. అందుకే రోజూ నాకు ఎదురయ్యే కొన్ని నమ్మకాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తియ్యగా ఉండి, పప్పు త్వరగా ఉడికించే నీళ్లు పొలానికీ మంచివే.

ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం తక్కువగా ఉంటే సబ్బు నురుగు బాగా వస్తుంది, పప్పు మెత్తగా ఉడుకుతుంది. వంటకు, బట్టలకు అది సుఖమే. కానీ మన గ్రానైట్ నేలల్లో ఇలాంటి మెత్తని నీళ్లలో చాలాసార్లు కాల్షియానికి బదులు సోడియం, బైకార్బొనేట్ చేరి ఉంటాయి. పారించిన ప్రతిసారీ ఆ బైకార్బొనేట్ నేలలో ఉన్న కాల్షియాన్ని సున్నంగా మార్చి పనికి రాకుండా చేస్తుంది. ఖాళీ అయిన చోట సోడియం వచ్చి కూర్చుంటుంది. మట్టి రేణువులను పట్టి ఉంచేది కాల్షియం, విడదీసేది సోడియం. రేణువులు విడిపోయి నేలలోని సన్నని రంధ్రాలను మూసేస్తాయి. గ్లాసులో కనబడిన మబ్బు అదే. ఇక పొలంలో నీళ్లు పైనే నిలుస్తాయి, ఎండితే నేల రాయిలా గట్టిపడుతుంది, మొలక పైకి రాలేకపోతుంది. మన పెద్దలు కారు చౌడు అనేది దీన్నే. ఇలాంటి నేలలో జింకు పంటకు అందదు, అందుకే వరి ఆకులు తుప్పు రంగుకు తిరుగుతాయి. రైతు అది చూసి ఇంకో బస్తా యూరియా వేస్తాడు. ఆ బస్తా డబ్బు వృథా.

దీన్ని పట్టించే లెక్క రెసిడ్యువల్ సోడియం కార్బొనేట్, పొట్టిగా ఆర్‌ఎస్‌సీ. నీళ్లలోని కార్బొనేట్, బైకార్బొనేట్ మొత్తంలోంచి కాల్షియం, మెగ్నీషియం తీసేస్తే మిగిలేది. లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు ఉంటే భయం లేదు. 1.25 నుంచి 2.5 వరకు జాగ్రత్త పడాలి. 2.5 దాటితే మందు లేకుండా పారించకూడదు. పెద్దాయన నీళ్లలో అది 5 పైనే ఉంది.

మందు జిప్సమే, పోయిన కాల్షియాన్ని అది తిరిగి ఇస్తుంది. ఒక తడికి 5 సెంటీమీటర్ల నీళ్లు పెడితే ఎకరానికి దాదాపు 2 లక్షల లీటర్లు అవుతాయి. ఆర్‌ఎస్‌సీని 2 మేర తగ్గించాలంటే ఆ తడికి సుమారు 35 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. పొడిలో కల్తీ ఉంటే ఆ మేరకు పెంచాలి. కాలువలో నీళ్లు పారే చోట జిప్సం బస్తాలు పెట్టి వాటి మీదుగా నీళ్లు పోనిస్తే కొంత కరుగుతుంది, మిగతాది దుక్కిలో చల్లుకోవాలి. దాంతోపాటు జీలుగ అనే పచ్చిరొట్ట పైరు వేసి పూతకు వచ్చాక కలియదున్నితే నేల కోలుకుంటుంది. ఒక్క పంటకే మార్పు రాదు, రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. అయితే ఒక జాగ్రత్త: నేల పైన తెల్లటి ఉప్పు పేరుకునే పాల చౌడు వేరు. అక్కడ జిప్సంతో పని లేదు, మంచి నీళ్లు నిలగట్టి ఉప్పును కిందికి దింపి, మురుగు బయటికి పోయేలా కాలువ తీయాలి. చూడటానికి రెండూ చౌడే కదా అని ఒకే మందు వేస్తే డబ్బు పోయినట్టే.

అపోహ: టీడీఎస్ మీటర్ పెట్టి చూశాం, తక్కువే ఉంది.

శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు ఎకరం, అరెకరం కొనుక్కుని శని, ఆదివారాల్లో సాగు చేసే సిటీ వాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్ల జేబులో పెన్నులాంటి టీడీఎస్ మీటర్ ఉంటుంది. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒకే అంకె చెబుతుంది. అందులో సోడియం ఎంత, కాల్షియం ఎంత, ఫ్లోరైడ్ ఉందా, నైట్రేట్ ఉందా అన్నది దానికి తెలియదు. పెద్దాయన నీళ్ల టీడీఎస్ 700 కూడా దాటలేదు. మీటర్‌ను నమ్మితే ఆ నీళ్లు బ్రహ్మాండం.

ఆ నీళ్లలోనే ఫ్లోరైడ్ లీటరుకు 2.6 మిల్లీగ్రాములు తేలింది. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏవీ లేవు. కాల్షియం తక్కువగా ఉన్న సోడియం నీళ్లలోనే అది ఎక్కువగా కరిగి ఉంటుంది, ఎందుకంటే కాల్షియం ఉంటే దాన్ని పట్టి కూర్చోబెడుతుంది. అంటే పొలాన్ని పాడుచేసే మెత్తని నీళ్లే చాలాసార్లు ఎముకలనూ పాడుచేస్తాయి. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు. దీనివల్ల వచ్చే ఎముకల జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ బాధ మనందరికీ తెలిసిందే. మా అమ్మమ్మ ఊరు మర్రిగూడ దగ్గరే. వంగిన కాళ్లతో నడిచే మనుషుల మధ్య నా సెలవులన్నీ గడిచాయి, ఈ పనిలోకి నన్ను తెచ్చింది కూడా అదే.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఉన్నది ఇంకా చిక్కబడుతుంది. ఇప్పుడు ఊళ్లో ఇళ్లకు ప్రభుత్వం శుద్ధి చేసి పంపే మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి, నిజమే. కానీ పొలం దగ్గర దాహమేస్తే దోసిలి పట్టేది బోరు కిందనే. నాట్లకు వచ్చిన కూలీలు, వెంట వచ్చిన చిన్నపిల్లలు రోజంతా తాగేవి ఆ నీళ్లే. ఇంటి నుంచి క్యాన్ నింపుకుని వెళ్లండి. ఈ ఒక్క మాట మాత్రం దయచేసి వినండి.

అపోహ: ఇంకో మూడొందల అడుగులు దింపితే నీళ్లు పడతాయి.

మన కింద ఉన్నది గట్టి రాయి. పైన మెత్తబడిన పొర, దాని కింద రాయిలోని పగుళ్లు, నీళ్లుండేది ఈ రెండింటిలోనే. పగుళ్లలో ఎక్కువ భాగం మొదటి 100 మీటర్లలో, అంటే సుమారు 330 అడుగుల లోపే దొరుకుతాయి. కిందికి పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, అప్పు పెరుగుతుంది. ఒకవేళ లోతులో నీళ్లు పడినా అవి రాయితో ఏళ్ల తరబడి కలిసి ఉన్నవి కాబట్టి ఫ్లోరైడ్, సోడియం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి పాయింట్ చెప్పే వాళ్లకు ఇచ్చే డబ్బు భూగర్భ జల నిపుణుడి సర్వేకు ఇవ్వండి. గ్యారంటీ ఆయన కూడా ఇవ్వడు, కానీ వద్దు అని చెప్పాల్సిన చోట వద్దు అని చెబుతాడు. నా దృష్టిలో ఆ ఒక్క మాట విలువే చాలా ఎక్కువ.

అపోహ: వాతావరణం మారడమంటే వానలు తగ్గడమే.

హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు పడితే 4 వేల లీటర్లు. ఏడాది మొత్తానికి ఎకరంలో పడేది దాదాపు 32 లక్షల లీటర్లు. రైతును దెబ్బతీస్తున్నది ఆ మొత్తం కన్నా అది వచ్చే తీరు. మృగశిరలో ఒక వాన పడి ఆశ పెడుతుంది, తర్వాత ఇరవై రోజులు బెట్ట. ఆపైన ఒక్క రాత్రిలో నెల వాన. 2020 అక్టోబరు 13 రాత్రి సిటీ ఎలా మునిగిందో గుర్తుందిగా, ఆ వానే చుట్టుపక్కల పొలాల మీదా పడింది.

చౌడు పట్టిన నేల మీద రెండు గంటలు దంచికొట్టిన వాన లోపలికి దిగదు, పైమట్టిని కూడా ఊడ్చుకుని పక్క కుంటలోకి పోతుంది. ఆ పై వారం బెట్ట వస్తే పంట వాడిపోతుంది. పారించే నీళ్ల నాణ్యతను, మారుతున్న వానలను తట్టుకోవడాన్ని నేను వేరుచేసి చూడలేను. పీల్చుకునే నేల ఉంటేనే పెద్దవాన లాభం. జిప్సం, జీలుగ, పశువుల ఎరువు, వాలుకు అడ్డంగా సాళ్లు, వీటికి పెట్టే ఖర్చు కొత్త బోరు ఖర్చు ముందు చాలా చిన్నది.

పత్తి వేసేవాళ్లకు ఒక మాట. తొలకరికే తొందరపడి విత్తనం పెట్టి, అది మాడిపోయి, రెండోసారి కొనేవాళ్లను ఏటా చూస్తున్నాను. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తండి. అంచులు నిటారుగా ఉన్న డబ్బాను ఆరుబయట పెట్టి స్కేలుతో కొలిస్తే చాలు. పక్కన కంది సాళ్లు కూడా వేసుకోండి, వేరు లోతుకు పోతుంది కాబట్టి బెట్టకు అంత తొందరగా లొంగదు. వానలు అసలే ఆలస్యమైతే ఏం వేయాలో సంతోష్‌నగర్‌లోని క్రిడా (కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) వాళ్లు జిల్లాలవారీగా ప్రణాళికలు తయారుచేసి పెట్టారు. వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.

అపోహ: డ్రిప్ పెట్టాం, ఇక నీళ్ల టెన్షన్ లేదు.

మిగిలిన నీళ్లతో ఇంకో ఎకరం పెంచితే బోరు మీద భారం అలాగే ఉంటుంది. పైగా బైకార్బొనేట్ నీళ్లకు డ్రిప్పర్ రంధ్రం దగ్గర తెల్లటి పొర కడుతుంది. గోటితో గీకి ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసమంటే అది సున్నమే, లైన్లకు యాసిడ్ ట్రీట్‌మెంట్ చేయించాలి. ఇంకోటి, తడి అంచుల్లో ఉప్పు పేరుకుంటుంది. మొదటి వాన ఆ ఉప్పును వేరు దగ్గరికి నెడుతుంది. అందుకే ఉప్పు నీళ్లున్నవాళ్లు ఆ మొదటి వానలో డ్రిప్ ఆపకూడదు.

అపోహ: మూసీ నీళ్లలో బలం ఉంది, ఎరువు అక్కర్లేదు.

మూసీలో కలిసే సిటీ మురుగులో నత్రజని ఉంటుంది, నిజమే. అది అవసరానికి మించి అందితే వరి ఏపుగా పెరిగి పడిపోతుంది, పురుగు పడుతుంది. నత్రజనితోపాటు ఉప్పు, రోగకారక క్రిములు కూడా వస్తాయి. వేరే నీళ్లు లేక అవి పారించే రైతును తప్పుపట్టే హక్కు, ఆ మురుగు పంపిన సిటీలో బతుకుతున్న నాకు లేదు. కానీ పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా లాంటివి ఆ నీళ్లతో పండించకండి. కాళ్లకు బూట్లు లేకుండా మడిలో దిగకండి.

ఇక నీళ్లు తెచ్చే పద్ధతి. పురుగుమందు డబ్బా, కూల్‌డ్రింక్ సీసా వద్దు. శుభ్రమైన లీటరు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడగండి. మోటారు వేసి పావుగంట పోయాక, గాలి లేకుండా అంచుదాకా నింపి మూత బిగించండి. పేరు, ఊరు, సర్వే నంబరు, బోరు లోతు, తేదీ కాగితం మీద రాసి అంటించండి. అదేరోజు ల్యాబ్‌కు చేర్చండి. ఎండాకాలంలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి పరీక్ష చేయించండి, ఎందుకంటే రెండు కాలాల నీళ్లు ఒకేలా ఉండవు. పెద్దాయన నవంబరులో రెండో సీసా తెచ్చాడు. ఆర్‌ఎస్‌సీ వానలకు 5 నుంచి 3కు దిగింది. "జీలుగ దున్నిన బిడ్డా, ఈ యాసంగి వరి వద్దు, రెండెకరాలు జొన్న పెడుతున్న" అని చెప్పి, ఈసారి పక్కింటి వాళ్ల బోరు సీసా కూడా సంచిలోంచి తీశాడు.