పెనుకొండ కియా కారు: గీసింది ఎవరు, చేసింది ఎవరు?

బెంగళూరు హైవే మీద పెనుకొండ దాటేటప్పుడు కార్లో ఎవరో ఒకరు "అదిగో కియా ఫ్యాక్టరీ" అని చూపిస్తారు, వెంటనే ఇంకొకరు "ఆ, మనవాళ్లు చేసేది బిగింపే కదా, కారంతా కొరియావాళ్లదే" అనేస్తారు. ఈ రెండో మాటలో కొంత నిజముంది. కాకపోతే ఇదే మాట ఒకప్పుడు కియానే పడింది, అదీ ఏళ్ల తరబడి.

1944లో సియోల్‌లో స్టీలు గొట్టాలు, సైకిల్ విడిభాగాలు చేసుకునే కంపెనీగా ఇది మొదలైంది. కియా అన్న పేరు 1952లో వచ్చింది. 1962లో మూడు చక్రాల ట్రక్కు తెచ్చారు, అది జపాన్ మజ్దా దగ్గర లైసెన్సు తీసుకుని చేసింది. 1973లో కొరియాలోని సొహారిలో ఫ్యాక్టరీ కట్టి మరుసటి ఏడాది బ్రిసా అనే కారు దించారు, దానికీ ఆధారం మజ్దా ఫమీలియానే. ఆ తర్వాత 80ల మొదట్లో కొరియా సైనిక ప్రభుత్వం, ఎవరు ఏ బండి చేయాలో మేమే పంచుతామని చెప్పి, కియాను అసలు కార్లే చేయొద్దంది. అప్పుడు కంపెనీని నిలబెట్టింది బొంగో వ్యాను. అది కూడా మజ్దాదే!

నిషేధం పోయాక వచ్చిన ప్రైడ్ సంగతి ఇంకా తమాషా. ఆ కారు డిజైన్ మజ్దాది, తయారీ కియాది, అమెరికాలో అమ్మింది మాత్రం ఫోర్డ్, ఫెస్టివా అనే పేరుతో. అక్కడ కొనుక్కున్నవాళ్లలో ఎంతమందికి కియా అన్న పేరు తెలిసి ఉంటుంది? 1992 నాటి సెఫియాతో గానీ సొంత ప్లాట్‌ఫామ్ (అంటే కారు కింది అసలు నిర్మాణం) అని చెప్పుకునే స్థితి రాలేదు, దానికి కూడా మొదట్లో ఇంజన్ మజ్దాదే.

సొంత డిజైన్లు కుదురుకునేలోపే 1997 ఆసియా ఆర్థిక సంక్షోభంలో కియా దివాలా తీసింది. వేలంలో ఫోర్డ్ కూడా పోటీపడింది గానీ, 1998లో హ్యుందాయ్ 51 శాతం వాటాతో చేజిక్కించుకుంది. ఇద్దరి ఇంజనీరింగూ క్రమంగా నమ్యాంగ్ రీసెర్చ్ సెంటర్ గొడుగు కిందకు చేరింది. ఇంజన్లు ఒకటే, ప్లాట్‌ఫామ్ ఒకటే, మరి జనం హ్యుందాయ్ కాకుండా కియా ఎందుకు కొనాలి? మిగిలిన తేడా బండి రూపమే. అందుకే ఆడి టీటీ అనే స్పోర్ట్స్ కారు గీసినవాళ్లలో ఒకడైన జర్మన్ డిజైనర్ పీటర్ ష్రేయర్‌ను 2006లో తెచ్చుకున్నారు. ఈరోజు మనం కియా ముఖం అనుకునే ఆ నడుమ నొక్కినట్టుండే ముందు గ్రిల్, టైగర్ నోస్ అని పిలిచేది, 2007 ఫ్రాంక్‌ఫర్ట్ కార్ల షోలో ఆయన హయాంలోనే మొదటిసారి కనిపించింది. డిజైన్ స్టూడియోలు కూడా కొరియాలోని నమ్యాంగ్‌తో పాటు జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్, కాలిఫోర్నియాలో ఇర్విన్ దగ్గర ఉన్నాయి.

ఇక్కణ్నుంచి "కొరియా కారు" అన్న మాటే కాస్త పలచబడుతుంది. సీడ్ అనే కారు యూరప్ కోసం యూరప్‌లోనే రూపుదిద్దుకుంది, తయారైంది స్లొవేకియాలోని జిలినాలో. టెల్యురైడ్ అనే పెద్ద ఎస్‌యూవీని ఇర్విన్‌లో గీశారు, జార్జియా రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్‌లో చేస్తారు. కొరియాలో షోరూమ్‌కెళ్లి ఈ రెండూ కావాలంటే దొరకవు. మన పెనుకొండలో చేసే సోనెట్ అనే చిన్న ఎస్‌యూవీ కూడా అంతే.

ఇక పెనుకొండ. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం, ఊరి పక్కనున్న ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 ఆగస్టులో సెల్టోస్ అనే ఎస్‌యూవీ మార్కెట్లోకి వచ్చేసింది, అంటే సంతకాలు పెట్టాక రెండున్నరేళ్లు కూడా పట్టలేదు. చుక్క నీటికి కటకటలాడే అనంతపురం జిల్లాలో (ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా) ఇంత ఫ్యాక్టరీ ఏంటని అప్పట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లు చాలామంది, వాళ్ల అనుమానంలో తప్పేమీ లేదు. హంద్రీ-నీవా కాలువ ద్వారా గొల్లపల్లి రిజర్వాయర్‌కు కృష్ణా నీళ్లు చేరకపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు. మిగతా లెక్కలన్నీ మ్యాపు చూస్తే తెలిసేవే: పక్కనే జాతీయ రహదారి, దగ్గర్లో బెంగళూరు విమానాశ్రయం, హ్యుందాయ్ 1998 నుంచీ కార్లు చేస్తున్న చెన్నై శివారూ, దాని చుట్టూ అల్లుకున్న విడిభాగాల కంపెనీలూ.

"బిగింపే" అనేవాళ్లకు జవాబు ఇక్కడుంది. సెల్టోస్, సోనెట్ లాంటివాటికి ఎర్రమంచిలో రేకును నొక్కి ప్యానెళ్లు చేయడం, వాటిని వెల్డింగ్ చేసి బాడీ కట్టడం, పెయింట్ వేయడం, అసెంబ్లీ అన్నీ జరుగుతాయి. 2020లో వచ్చిన కార్నివాల్ అలా కాదు, భాగాలు బయటి నుంచి వస్తే ఇక్కడ కూర్చారు, దాన్ని బిగింపు అంటే ఒప్పుకోవచ్చు. 2022లో వచ్చిన ఎలక్ట్రిక్ కారు ఈవీ6 అయితే కొరియాలో పూర్తిగా తయారై ఓడలో దిగింది. ఒకే షోరూమ్, ఒకే లోగో, మూడు రకాల పుట్టుకలు.

పేరు ఒకటే అయినా కారు ఒకటే కాకపోవచ్చు. మొదటి తరం సెల్టోస్‌నే తీసుకోండి. మన దగ్గర మొదట్లో చేసినది 4,315 మిల్లీమీటర్ల పొడవు, కొరియాలో చేసి అక్కడా అమెరికాలోనూ అమ్మింది సుమారు 4,375. లోపల ఇంజన్లూ వేరు. సోనెట్ వెనుక ఉన్నది మన పన్నుల లెక్క: పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ మించకుండా ఉంటే పన్ను తక్కువ, కాబట్టి సోనెట్ పొడవు సరిగ్గా 3,995 మిల్లీమీటర్లు. అంటే గీత గీసింది ఏ స్టూడియో అయినా కొలత మాత్రం ఢిల్లీ ఇచ్చింది!

మీ కారు ఎక్కడిదో తెలుసుకోవాలంటే ఛాసిస్ నంబర్ మొదట్లో చూడండి. పెనుకొండ బండికి ఎంజెడ్‌బీ అని ఉంటుంది. కొరియాలో చేసినదైతే కే అక్షరంతో, అమెరికాదైతే 5తో, మెక్సికోదైతే 3తో మొదలవుతుంది. ఇండోనేషియాలోనో దక్షిణాఫ్రికాలోనో సెల్టోస్ నడిపే మనిషి దాన్ని కొరియా కారనే అనుకుంటూ ఉండొచ్చు, నంబర్ చూస్తే మన ఊరిది.

ఈ లెక్కలో ఎవరూ పెద్దగా తలవని ఊరు హైదరాబాద్. హ్యుందాయ్ గ్రూపు ఇంజనీరింగ్ సెంటర్ ఒకటి 2006 నుంచీ అక్కడ ఉంది, అంటే ఎర్రమంచిలో పునాది పడటానికి పదేళ్లు ముందే. కంప్యూటర్ మీద విడిభాగాల డిజైన్, కారు గుద్దుకుంటే ఏమవుతుందో చూసే సిమ్యులేషన్లు వంటివి అక్కడి ఇంజనీర్లు నమ్యాంగ్‌తో కలిసి చేస్తుంటారు. డిజైన్ మొత్తం విదేశాల్లోనే అనే మాట అందుకే పూర్తిగా నిలవదు. కాకపోతే బండి ఎలా కనిపించాలి, ఏ ప్లాట్‌ఫామ్ మీద కట్టాలి అన్న ఆఖరి మాట ఇంకా కొరియాదే, అందులో దాపరికం ఏమీ లేదు.

మన దగ్గర రాజకీయ గొడవంతా ఎప్పుడూ ఫ్యాక్టరీ చుట్టూనే తిరిగింది. 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని రాష్ట్రం చట్టం చేసింది, 2020 ఫిబ్రవరిలో కియా తమిళనాడుకు వెళ్లిపోతోందని వార్త వచ్చి పెద్ద దుమారమే రేగింది, అలాంటిదేం లేదని కంపెనీ ఖండించింది. 2023 జులైకి అదే ఫ్యాక్టరీ నుంచి 10 లక్షలవ కారు బయటికొచ్చింది. తెచ్చింది మేమంటే మేమని పార్టీలు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాయి గానీ, ఒక్క మోడలైనా మొదటి గీత నుంచి ఇక్కడే గీయించుకుందామని అడిగిన నాయకుడు నాకైతే కనపడలేదు.