కిడ్నీ రాయికి ఏ మత్తు మంచిది?

మా బాబాయికి మూత్రనాళం కింది భాగంలో 8 మిల్లీమీటర్ల రాయి ఇరుక్కుంది. లేజర్‌తో పొడి చేసేద్దాం అన్నారు డాక్టరు గారు. బాబాయి దానికి సరే అన్నారు కానీ నడుముకి సూది వేసి ఇచ్చే స్పైనల్ మత్తు అనేసరికి ససేమిరా అన్నారు. "మొత్తం మత్తే ఇవ్వమనండి, నాకేం తెలియకూడదు" అని ఒకటే పట్టు. చాలా ఇళ్లలో ఇదే మాట వింటాం. నాకు మాత్రం, ఏ మత్తన్నది ముందు రాయి ఎక్కడుందో చూసి తేల్చాల్సిన విషయం అనిపిస్తుంది.

ఎందుకంటే కిడ్నీ కదులుతుంది. మనం ఊపిరి పీల్చినప్పుడల్లా పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే పొర కిందికి దిగుతుంది, దానితో పాటే కిడ్నీ కూడా సెంటీమీటరో రెండో కిందికి జారి మళ్లీ పైకి వస్తుంది. రెండు మూడు వెంట్రుకలు కలిపినంత సన్నని లేజర్ ఫైబర్‌ని లోపలికి పంపి, ఊగుతున్న రాయి మీద గురి పెట్టాలంటే ఎంత కష్టమో ఊహించండి. పూర్తి మత్తులో ఊపిరి వెంటిలేటర్ చేతిలో ఉంటుంది కాబట్టి మత్తు డాక్టరు గారు చిన్న చిన్న ఊపిరులు ఇప్పించగలరు, అవసరమైతే కొన్ని సెకన్లు ఆపి ఉంచగలరు కూడా. అందుకే కిడ్నీ లోపలి రాయికి లేజర్ వాడేటప్పుడు చాలామంది సర్జన్లు పూర్తి మత్తునే ఇష్టపడతారు. మూత్రనాళం కింది భాగం ఊపిరితో అంతగా ఊగదు, అక్కడి రాయికి స్పైనల్ చక్కగా సరిపోతుంది. వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి పెద్ద రాళ్లు తీసే పీసీఎన్ఎల్ రెండు రకాలుగానూ చేస్తారు. అందులో బోర్లా పడుకోబెడితే మాత్రం, మధ్యలో ఊపిరికి ఇబ్బంది వస్తే గొంతులో గొట్టం వేయడం కష్టం కాబట్టి, ఆ సంగతి ముందే ఆలోచించుకుంటారు.

ఇక సూది సంగతి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి రెండు నడుము పూసల దగ్గర ఆగిపోతుంది. సూది దానికంటే కింద, సాధారణంగా మూడో, నాలుగో నడుము పూసల మధ్య వేస్తారు. అక్కడ నీటిలో తేలే నరాలే తప్ప వెన్నుపాము ఉండదు. అరికాళ్లు వెచ్చబడతాయి, కాళ్లు బరువెక్కుతాయి, తర్వాత స్పిరిట్ దూదితో పొట్ట మీద అద్దుతూ "ఇక్కడ చల్లగా ఉందా?" అని అడుగుతారు. కిడ్నీ నొప్పిని మోసే నరాలు పక్కటెముకల దాకా ఉంటాయి కాబట్టి ఆ చల్లదనం తెలియకపోవడం ఛాతీ దాకా పాకాలి.

1898లో జర్మనీలో ఆగస్ట్ బియర్ ఈ పద్ధతిని తన మీదే ప్రయోగించుకున్నప్పుడు, లేచి కూర్చుంటే వచ్చి పడుకుంటే పోయే తలనొప్పితో రోజుల తరబడి బాధపడ్డాడు, సూది రంధ్రం నుంచి నీరు కారడం వల్ల వచ్చేదది. ఇప్పటి సూదులు అర మిల్లీమీటరు, అంతకన్నా సన్నం, అందుకే ఆ తలనొప్పి బాగా తగ్గింది. సూది పడిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి వేధించే నడుమునొప్పికి ఇది కారణమని మాత్రం రుజువు కాలేదు.

రాయితో పాటు మనిషిని కూడా చూడాలి. ఊపిరితిత్తులు బాగోలేని వాళ్లకు స్పైనల్ వైపు మొగ్గుతారు. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, సూది వేసే చోట చర్మానికి ఇన్ఫెక్షన్ ఉన్నా స్పైనల్ వద్దంటారు. స్పైనల్‌లో బీపీ పడిపోవచ్చు, వణుకు రావచ్చు. రాయితో పాటు చలిజ్వరం ఉంటే అసలు ముందు రాయి జోలికే వెళ్లరు, మూత్రనాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేసి, రాయి వెనక ఆగిన మూత్రం బయటికి పోయేలా చేస్తారు.

బాబాయికి ఏళ్లుగా ఆస్తమా. మత్తు డాక్టరు గారు ముందురోజు వచ్చి పక్కన కూర్చుని, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, ఇన్‌హేలర్ రోజుకి ఎన్నిసార్లు వాడతారు అని ఓపిగ్గా అడిగాక ఆయనే మెత్తబడి స్పైనల్‌కి ఒప్పుకున్నారు. లేజర్ టిక్ టిక్‌మంటుంటే తెర మీద తన రాయి ఇసుకలా రాలడం చూశానని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతున్నారు.