తిన్నా ఏమీ కాలేదుగా!

కుక్కల్ని పెంచేవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది: "మావాడు బోలెడుసార్లు చాక్లెట్ తిన్నాడు, ఏమీ కాలేదుగా!" నిజమే అయ్యుండొచ్చు. కానీ తిన్నది ఏ చాక్లెట్, ఎంత, కుక్క బరువెంత, తిన్నాక ఎంతసేపు గమనించారు అన్నవి తెలియకపోతే ఆ మాటను నమ్ముకోలేం. కొన్ని విషాలు అరగంటలో బయటపడతాయి, కొన్ని రెండు మూడు రోజులదాకా కిమ్మనవు. ఏవేవి పెట్టకూడదో చెప్పే జాబితాలు చాలానే దొరుకుతాయి, ఈ టైము సంగతి వాటిలో పెద్దగా కనిపించదు.

చాక్లెట్‌తోనే మొదలుపెడదాం. అందులోని థియోబ్రోమిన్ కెఫీన్‌కు దగ్గర చుట్టం. మనిషి శరీరం దాన్ని త్వరగానే వదిలించుకుంటుంది. కుక్కకు ఆ పని నెమ్మది. రక్తంలో చేరింది సగానికి తగ్గడానికే దాదాపు 17 గంటలు పడుతుంది. అంతసేపూ గుండె, నరాలు ఉరుకులు పెడుతూనే ఉంటాయి. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు, కుదురు లేకపోవడం మొదలవుతాయి. 40, 50 దగ్గర గుండె లయ తప్పొచ్చు. 60కి చేరితే ఫిట్స్ రావొచ్చు. ఇప్పుడు లెక్క వేయండి. గ్రాము మిల్క్ చాక్లెట్‌లో థియోబ్రోమిన్ సుమారు 2 మిల్లీగ్రాములు, డార్క్‌లో సుమారు 5. పది కిలోల కుక్క 100 గ్రాముల మిల్క్ చాక్లెట్ తింటే కిలోకు 20, అంటే హద్దు మీద ఉంటుంది. అంతే డార్క్ చాక్లెట్ తింటే 50. కేకుల్లో వాడే తీపి లేని చాక్లెట్ అయితే 40 గ్రాములకే ప్రాణం మీదికి వస్తుంది. తెల్ల చాక్లెట్‌లో థియోబ్రోమిన్ లేనట్టే లెక్క. అందుకే ఒకరి కుక్క అనుభవం ఇంకొకరి కుక్కకు పనికిరాదు.

చాక్లెట్ కంటే నాకు ఎక్కువ భయం జైలిటాల్ అంటే. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో, కొన్ని టూత్‌పేస్టుల్లో, మౌత్‌వాష్‌లో, కొన్ని రకాల పీనట్ బటర్‌లో తీపి కోసం దీన్ని కలుపుతారు. మనం తింటే ఇన్సులిన్ పెద్దగా కదలదు. కుక్క క్లోమం మాత్రం దీన్ని చూసి ఇన్సులిన్‌ను ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. రక్తంలో చక్కెర అమాంతం పడిపోతుంది. కుక్క తూలుతుంది, కూలబడుతుంది, ఫిట్స్ వస్తాయి. ఇదంతా చాలాసార్లు గంటలోపే. కిలోకు 0.1 గ్రాము చాలు, చక్కెర పడిపోవడానికి. ఐదు కిలోల కుక్కకైతే అర గ్రాము. కొన్ని గమ్ముల్లో ఒకటో రెండో తింటే ఆ లెక్క పూర్తవుతుంది. మోతాదు ఇంకా పెరిగితే కాలేయం దెబ్బతింటుంది, అది బయటపడటానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. కాబట్టి చక్కెర సర్దుకుందని ఊపిరి పీల్చుకోవడం తొందరపాటే.

ఉల్లి, వెల్లుల్లి మరీ నిదానం. వాటిలోని గంధకపు పదార్థాలు ఎర్రరక్త కణాల్లోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తాయి. పాడైన కణాలను శరీరమే ఏరి పారేస్తుంది. ఇదంతా జరగడానికి కొన్ని రోజులు పడుతుంది. చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు గోధుమరంగులో వచ్చేసరికి, నాలుగు రోజుల కిందట తిన్న ఉల్లి ఎవరికీ గుర్తుండదు. ఉడికించినా వేయించినా విషం పోదు. ఎండబెట్టి పొడి చేస్తే ఇంకా చిక్కబడుతుంది. రోజూ కొంచెం కొంచెంగా పెట్టినా నష్టం పోగుపడొచ్చు.

ద్రాక్ష, కిస్‌మిస్ దగ్గర ఈ లెక్కలేవీ సరిగ్గా కుదరవు. కొన్ని కుక్కలు గుప్పెడు తిని మామూలుగా తిరుగుతాయి, కొన్నిటికి కొద్దిగా తిన్నా కిడ్నీలు దెబ్బతింటాయి. కారణం టార్టారిక్ ఆమ్లం కావొచ్చని 2021లో పశువైద్యులు సూచించారు. అదే ఆమ్లం దండిగా ఉండే చింతపండు తిన్న కుక్కల్లోనూ ఇలాంటి లక్షణాలే కనిపించడం ఆ అనుమానానికి బలం. పండు పండుకీ ఆమ్లం మారుతుంది గనక "ఇన్ని తింటే ఫర్వాలేదు" అనే లెక్క పెట్టుకోకపోవడమే మేలు.

తిండి కానివీ ఉన్నాయి. కలరా ఉండలు, డ్రెయిన్ క్లీనర్లు, అన్నవాహిక గోడను కాల్చేసే బటన్ బ్యాటరీలు. వీటికి తోడు జాలిపడి మనమే వేసే మాత్రలు. ఇబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి, కిడ్నీల దాకా వెళ్తుంది. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది. డాక్టర్ చెప్పకుండా మన నొప్పి మాత్ర కుక్కకు వేయకూడదు.

అన్నిటికంటే మోసకారి కొన్ని కారు కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్. నాలుక్కి తియ్యగా ఉంటుంది, నేల మీద కారితే కుక్క నాకేస్తుంది. మొదట తాగినట్టు తూలుతుంది. కొన్ని గంటలకు తేరుకున్నట్టే కనిపిస్తుంది, ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గుతుంది. లోపల కాలేయం దాన్ని ఆమ్లాలుగా మారుస్తూ ఉంటుంది. చివర్లో తయారయ్యే ఆక్సలేట్ కాల్షియంతో కలిసి కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఫోమెపిజోల్ అనే విరుగుడు ఆ మార్పును జరగనివ్వదు. అయితే అది మొదటి కొన్ని గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది, కిడ్నీలు పాడయ్యాక ఇచ్చి లాభం లేదు.

కుక్క ఏదైనా మింగిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. డాక్టర్‌కు ఫోన్ చేసి ఏం తింది, సుమారు ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత అన్నవి చెప్పండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడొద్దు. రక్తంలో సోడియం పెరిగి అదే ఇంకో విషమవుతుంది. డ్రెయిన్ క్లీనర్, కిరోసిన్ లాంటివి తాగితే అసలు కక్కించకూడదు. ఎలుకల మందు అయితే ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. రక్తం గడ్డకట్టనివ్వని రకానికి విటమిన్ కె విరుగుడు. ఆ రకం లక్షణాలు చూపడానికే రెండు మూడు రోజులు పడుతుంది. నరాల మీద పనిచేసే బ్రోమెథలిన్ రకానికి విటమిన్ కె పనికిరాదు, ఏ రకమో తెలియాలంటే ఆ ప్యాకెట్టే ఆధారం.