గద్దర్ పేరు సినిమా అవార్డుకు ఎలా వచ్చింది?

2025 జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో తెలంగాణ ప్రభుత్వం తొలి గద్దర్ సినిమా అవార్డులు ఇచ్చింది. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో నంది అవార్డులు ఉండేవి. ఊళ్లల్లో, బస్తీల్లో పాడిన మనిషికి సినిమాతో ఏం సంబంధమని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సంబంధం ఉంది, అది హైదరాబాద్‌లోని అల్వాల్‌లో మొదలైంది.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. తూప్రాన్‌కు చెందిన ఆయన ఇంజనీరింగ్ చదువు మధ్యలో ఆపేసి, పొట్టకూటికి బుర్రకథలు చెప్పేవారు. అల్వాల్‌లో, తర్వాత సినిమాలు తీసిన బి. నర్సింగరావు చుట్టూ చేరిన కళాకారులతో కలిశాక ఆ గొంతుకు దారి దొరికింది. 1972లో విప్లవ పాటల కళాబృందం జననాట్యమండలి పుట్టింది. స్వాతంత్ర్యం కోసం పోరాడిన గదర్ పార్టీ పేరే ఆయన పేరైంది. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. జనం నోట్లో నానే బాణీనే తీసుకుని అందులో కూలి మాట, దొర మాట పెట్టడం ఆయన పద్ధతి.

1980లో విడుదలైన 'మాభూమి'కి నర్సింగరావు నిర్మాత. అందులో తెర మీద 'బండెనక బండి కట్టి' పాడింది గద్దరే. ఆ పాట ఆయనే రాశారని చాలామంది అనుకుంటారు. రాసింది తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన బండి యాదగిరి. ఈ మాట ఎన్నిసార్లయినా చెప్పాలి.

తర్వాత బ్యాంకు ఉద్యోగం వదిలేశారు, నక్సలైట్ ఉద్యమంతో అజ్ఞాతంలోకి వెళ్లారు. 1990లో నిజాం కాలేజీ మైదానంలో మళ్లీ కనిపిస్తే జనం పోటెత్తారు. 1997 ఏప్రిల్ 6న ఇంట్లో ఆయనపై కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది.

సినిమాకు ఆయన ఇచ్చిన గొప్ప పాట మాత్రం 1995 నాటి 'ఒరేయ్ రిక్షా'లోది. చెల్లెలి పాదం మీద పుట్టుమచ్చగా ఉండి తోడబుట్టిన రుణం తీర్చుకుంటానంటాడు అన్న. పాదం దగ్గర చోటు కోరుకున్న ఆ అన్నను తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. దానికి నంది ప్రకటిస్తే ఆయన వద్దన్నారు. అవార్డుకు ఆయన పేరు పెట్టినప్పుడు ఈ సంగతి దాచకూడదు. ఆ వద్దనడం కూడా గద్దరే.

2011లో 'జై బోలో తెలంగాణ' కోసం 'పొడుస్తున్న పొద్దుమీద' రాసి, పాడి, తెర మీదా కనిపించారు.

2023 ఆగస్టు 6న కన్నుమూశారు. అల్వాల్‌లో తాను నడిపిన బడి ఆవరణలోనే అంత్యక్రియలు జరిగాయి. రాష్ట్రం ఏర్పడ్డాక అప్పటిదాకా తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులే ఇవ్వలేదు. 2024 జనవరి 31న, ఆయన జయంతి సభలో, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి వాటికి గద్దర్ పేరు ప్రకటించారు.