గాజువాక టోకెన్ల గొడవకు మూలం 1994లో ఉంది

గాజువాక వైపు ఓ కంటైనర్ యార్డులో సరుకు దించేందుకు ఇచ్చే ఒకే టోకెన్ రెండు లారీలకు వెళ్లడంతో, పోయిన వర్షాకాలంలో చల్లారిందనుకున్న పంచాయితీ మళ్లీ రాజుకుంది. సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన రుషికొండ ఆఫీసు తప్పంతా అందులో వాడిన లైబ్రరీదే (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్), మార్చేస్తాం అంటోంది. ఆ కోడ్‌తో రోజూ కుస్తీ పట్టే కుర్రాళ్లు మాత్రం, లైబ్రరీ చెప్పాల్సింది చెప్పింది, విననిది మనమే అంటున్నారు.

యార్డు గేటు దగ్గర రెండు మెషీన్లు, ఆన్‌లైన్ బుకింగులు చూసుకోవడానికి రుషికొండలో రెండు. నాలుగూ స్ప్రెడ్ అనే గ్రూప్ కమ్యూనికేషన్ లైబ్రరీ మీద ఒకే గ్రూపుగా నడుస్తాయి. ఎవరు పంపిన మెసేజ్ అయినా అందరికీ ఒకే వరసలో అందుతుంది కాబట్టి టోకెన్ ఎక్కడ తీసుకున్నా లెక్క తప్పదు. మధ్యలో లింకు తెగింది. ఇటు రెండు, అటు రెండు మిగిలాయి. రెండు పక్కలా టోకెన్లు ఇస్తూనే పోయారు.

ఈ గొడవ అర్థం కావాలంటే 1994 చాలు. ఆ ఏడాది మోజర్, అమీర్, మెలియర్-స్మిత్, అగర్వాల్ అనే పరిశోధకులు కలిసి ‘ఎక్స్‌టెండెడ్ వర్చువల్ సింక్రనీ’ అనే నమూనాను ప్రకటించారు. పేరు బరువుగా ఉన్నా అందులోని మలుపు చిన్నదే. నెట్‌వర్క్ ముక్కలైతే ఏ ముక్కకు ఆ ముక్క పని సాగించుకోవచ్చు, తర్వాత మళ్లీ కలవొచ్చు.

అంతకుముందు ఇలా కాదు. 1980ల్లో కార్నెల్ యూనివర్సిటీలో కెన్ బర్మన్ బృందం కట్టిన ఐసిస్ అనే గ్రూప్ కమ్యూనికేషన్ సాఫ్ట్‌వేర్‌లో, గ్రూపు చీలితే ఒక్క ముక్కే బతకాలి. మిగతావాళ్లు ప్రాణాలతో ఉన్నా పోయినట్టే లెక్క. తిరిగి రావాలంటే కొత్త సభ్యులుగా చేరాల్సిందే. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్, ఫ్రాన్స్ విమానాల రాకపోకల నియంత్రణ దాన్నే నమ్ముకున్నాయి. మొండి పద్ధతే, కానీ అక్కడ ఒక టోకెన్ రెండుసార్లు పుట్టదు.

1994 తర్వాత, ఎవరు ఆగాలనే నిర్ణయం లైబ్రరీ చేతిలోంచి అప్లికేషన్ రాసేవాడి చేతికొచ్చింది. నా దృష్టిలో కథంతా ఇక్కడే ఉంది. జెరూసలేంలో ట్రాన్సిస్, శాంటా బార్బరాలో టోటెం అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్లు ఆ దారి వేశాయి. అమీర్ జాన్స్ హాప్కిన్స్‌కు వెళ్లాక వచ్చిన స్ప్రెడ్ వాటికి వారసురాలు. జావాలో కోడ్ రాసేవాళ్లకు తెలిసిన జేగ్రూప్స్ అనే లైబ్రరీలోనూ అంతే. చీలిన ముక్కలు కలిస్తే మెర్జ్‌వ్యూ అనే కబురు అందుతుంది, డేటా ఎలా కలుపుకోవాలో మన తిప్పలు మనవి.

స్ప్రెడ్‌లో ఏది వచ్చినా తీసుకునేది ఎస్‌పీ_రిసీవ్ అనే ఒక్క ఫంక్షనే. మామూలు మెసేజ్, సభ్యుల మార్పు కబురు, రెండూ అదే వరసలో వస్తాయి. కావాలనే అలా పెట్టారు. ఏ మెసేజ్ చీలికకు ముందుదో, ఏది తర్వాతదో ఆ వరసను బట్టే తెలియాలి. సభ్యులు మారినప్పుడు పంపినవారి పేరుండాల్సిన చోట గ్రూపు పేరుంటుంది. గ్రూపుల జాబితాలో ఇప్పుడున్న సభ్యులందరూ, మెసేజ్ రకం ఉండేచోట ఆ జాబితాలో మన స్థానం వస్తాయి. కారణం కూడా తెలుస్తుంది: ఎవరో చేరారా, వెళ్లిపోయారా, కనెక్షన్ పోయిందా, నెట్‌వర్కే మారిందా. నెట్‌వర్క్ మారితే పాత గ్రూపులోంచి మనతోపాటు ఎవరెవరు వచ్చారో కూడా ఉంటుంది. దానికి ముందు ట్రాన్సిషనల్ అనే గుర్తు రావచ్చు. అది వచ్చాక, కొత్త జాబితా అందేలోపు వచ్చిన సేఫ్ మెసేజ్ (మామూలుగా అయితే అందరికీ చేరిందని తేలాకే అందేది) అవతలి పక్కకు చేరిందన్న హామీ ఉండదు.

లైబ్రరీతోపాటు ఓ నమూనా ప్రోగ్రాం వస్తుంది. అందులో ఒక్కో రకం మార్పుకూ ఒక ఇఫ్ (ఇలా అయితే అనే షరతు), దాని కింద ఒక ప్రింట్ (ఆ సంగతి తెర మీద చూపే లైను) ఉంటాయి, నేర్చుకునేవాళ్ల కోసం. యార్డు కోడ్‌లో ఆ ఇఫ్‌లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ప్రింట్ బదులు లాగ్‌లో (ఏం జరిగిందో నమోదయ్యే ఫైలు) రాశారు, అంతే తేడా. గొడవ జరిగిన రోజు రెండు పక్కల లాగుల్లోనూ ‘నెట్‌వర్క్ మార్పు, సభ్యులు ఇద్దరు’ అని ఉంది. దాని కింది లైనులోనే కొత్త టోకెన్.

ఆఫీసు వాదనకూ ఓ కారణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక కరెంటు లేక, ఫోన్లు లేక విశాఖ ఎలా అల్లాడిందో చూసిన వ్యాపారి ఎవరూ ‘లింకు పోతే గేటు మూసెయ్’ అనడు. అందుకే ఏ పక్కకు ఆ పక్క నడిచేది కావాలన్నారు. అడిగిందే దొరికింది.

ఇప్పుడు స్ప్రెడ్ స్థానంలో, మెషీన్లన్నీ ఒకే మాట మీద ఉండేలా చూసే రాఫ్ట్ అనే పద్ధతి మీద నడిచేది తెస్తామంటున్నారు. రాఫ్ట్ పేపరు కూడా 2014దే, అందులో సగానికి మించిన సభ్యులుంటేనే పని ముందుకెళ్తుంది. నాలుగు మెషీన్లకు ముగ్గురు కావాలి. ఇద్దరిద్దరుగా చీలితే రెండు పక్కలా ఆగిపోతుంది, లారీలు రోడ్డు మీదికి బారులు తీరతాయి. క్లయింటుకు ఈ ముక్క చెప్పారో లేదో మరి.

కుర్రాళ్లు అడుగుతున్నది ఇంతకంటే చిన్నపని. సభ్యుల కబురు వచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టాలి. ముగ్గురుంటే సాగాలి. ఇద్దరే ఉంటే, ముందే అనుకున్న ఒక మెషీన్ ఎటుంటే ఆ పక్కే సాగాలి. మెషీన్ల గుంపును నడిపే కోరోసింక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆటో టై-బ్రేకర్ అనే సెట్టింగ్ చేసేదీ ఇదే. దీంతోపాటు టోకెన్‌ను సేఫ్ మెసేజ్‌గా పంపి, అది తమకే తిరిగి అందాక ముద్రించాలి. పంపగానే ముద్రించడం ఇప్పటి అలవాటు. నంబర్లు ముందే చెరిసగం పంచుకుంటే సరిపోతుంది కదా అని ఒకరు అడిగారట. నంబర్లు వేరైనా సరుకు దించే చోటు ఒకటే అయితే లారీలు రెండూ అక్కడికే వస్తాయి.

లింకు తిరిగొచ్చాక లాగులో ‘సభ్యులు నలుగురు’ అని పడింది. ఎవరు ఎవరితో కలిసి వచ్చారో కూడా ఆ కబురులోనే ఉంది. అప్పుడు ఏ పక్క టోకెన్ చెల్లుతుందో కోడ్‌లో లేదు, కాంట్రాక్టులోనూ లేదు. యార్డు మేనేజర్‌నే అడుగుదామని కుర్రాళ్లంటే, క్లయింటును ఇలాంటివి అడిగితే ఏం బాగుంటుందని ఆఫీసు ఊరుకుంది. లైబ్రరీ మార్పుకు కొటేషన్ మాత్రం పంపేశారు.