బరువు తేలిపోతే నవ్వు ఎందుకు వస్తుంది?

నిండుగా ఉందనుకుని బలమంతా కూడగట్టుకుని ఎత్తిన బిందె తీరా ఖాళీదై, చేయి ఒక్కసారిగా పైకి లేచిపోతే, ఎత్తినవారికీ పక్కన చూస్తున్నవారికీ కూడా నవ్వు వస్తుంది. అందులో చమత్కారమూ లేదు, ఒకరిని ఆటపట్టించడమూ లేదు.

స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త యోరాన్ నెర్హార్ట్ 1970లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా ఈ చిన్న నవ్వునే పట్టుకుంది. ఆయన కొందరి చేత వరుసగా బరువులు ఎత్తించి, ఏది ఎంత బరువుందో పోల్చి చెప్పమన్నారు. మొదటివన్నీ దాదాపు ఒకే బరువు. చేతికి ఆ బరువు అలవాటు పడ్డాక వాటికి ఏమాత్రం పొంతన లేనిదాన్ని ఇచ్చేవారు. అది చేతికి అందగానే చాలామంది నవ్వారు, తేడా ఎంత ఎక్కువైతే నవ్వు అంత పెరిగింది. మాట, కథ, సంస్కృతి అన్నింటినీ పక్కకు తీసేసి, హాస్యంలో చివరికి మిగిలేది తప్పిన అంచనాయేనని చూపినందుకు ఈ ప్రయోగం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

వస్తువును తాకకముందే మెదడు దాని బరువును ఊహించి కండరాలకు తగిన బలాన్ని సిద్ధం చేస్తుంది. మనకు మనం చక్కిలిగింతలు పెట్టుకోలేకపోవడానికి కారణం కూడా ఈ ముందస్తు లెక్కే. మన వేలి స్పర్శ ఎలా ఉండబోతుందో చిన్నమెదడు ముందే అంచనా కట్టడం వల్ల ఆ అనుభూతి మందగిస్తుందని లండన్‌లో సారా జేన్ బ్లేక్‌మోర్ బృందం మెదడు స్కానింగుల సాయంతో 1998లో తెలిపింది.

అయితే ఊహించనిదంతా నవ్వించదు. చీకట్లో మెట్టు ఉందనుకున్న చోట లేకపోతే గుండె ఝల్లుమంటుంది. ఏదో తప్పు జరిగిందనీ, దానివల్ల ప్రమాదమేమీ లేదనీ రెండూ ఒకేసారి తోచినప్పుడే నవ్వు పుడుతుందని పరిశోధకులు పీటర్ మెక్‌గ్రా, కేలెబ్ వారెన్ 2010లో ప్రతిపాదించారు. నెర్హార్ట్ తొలుత స్టాక్‌హోమ్ రైల్వేస్టేషన్‌లో ప్రయాణికుల చేత సూట్‌కేసులు ఎత్తించి చూసినప్పుడు వారికి నవ్వు రాలేదు. రైలు అందుకోవాలన్న ఆదుర్దాలో ఉన్న మనసుకు ఆ తేడా వినోదంగా తోచకపోయి ఉంటుందని నేను భావిస్తున్నాను.

నవ్వుకు తోడు కూడా కావాలి. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ బృందం వీధుల్లోనూ దుకాణాల దగ్గరా 1,200 నవ్వులను గమనించి నమోదు చేయగా, వాటికి ముందు వచ్చిన మాటల్లో ఓ మోస్తరు హాస్యమైనా ఉన్నవి 20 శాతానికి మించలేదు. మిగిలినవన్నీ వెళ్లొస్తాననడం, బాగున్నావా అనడం వంటి మామూలు మాటలే. పైగా వినేవారికన్నా మాట్లాడేవారే ఎక్కువగా నవ్వారు. ఆయన విద్యార్థులు రాసిన దినచర్యల ప్రకారం, టీవీ, పుస్తకం వంటివేవీ లేని ఏకాంతంతో పోలిస్తే నలుగురిలో ఉన్నప్పుడు మాటలు సుమారు 4 రెట్లు, చిరునవ్వులు 6 రెట్లు పెరిగితే, నవ్వు ఏకంగా 30 రెట్లు పెరిగింది.