పెద్దవాళ్లు ఇంగ్లీషులో డెమో ఇవ్వడం: అపోహలు - వాస్తవాలు

మా స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్‌లకు వచ్చేవాళ్లలో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, షోరూం సూపర్‌వైజర్లు, పిల్లల చదువు కోసం నేర్చుకునే తల్లులు ఎక్కువ. వాళ్లందరి చేతా నేను తప్పకుండా చేయించేది ఒకటుంది. తమకు బాగా వచ్చిన పనిని ఎలా చేయాలో చూపిస్తూ ఇంగ్లీషులో ఐదు నిమిషాల డెమో ఇవ్వాలి. ఆ మాట అనగానే దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే అభ్యంతరాలు వినిపిస్తాయి.

అపోహ: గ్రామర్ అంతా వచ్చాకే నలుగురి ముందు నిలబడాలి.

వాస్తవం: ఈ పనికి కావలసిన గ్రామర్ చాలా తక్కువ. 'ఓపెన్ ద లిడ్', 'డోంట్ టచ్ ఇట్' లాంటి చిన్న వాక్యాలు, ఫస్ట్, నెక్స్ట్, అంటిల్ లాంటి వరస చెప్పే మాటలు, ఎందుకో చెప్పడానికి ఒక 'సో దట్' ఉంటే చాలు. యూరప్ దేశాల సంస్థ అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాషా స్థాయిల్లో మొత్తం ఆరు మెట్లున్నాయి. ఒక పని ఎలా చేయాలో వివరంగా చెప్పగలగడం అందులో మూడో మెట్టు, అంటే బి1 దగ్గరే కనిపిస్తుంది. పాస్ట్ పర్ఫెక్ట్ వచ్చేదాకా ఆగాల్సిన పనే లేదు.

అపోహ: స్క్రిప్ట్ బట్టీ పడితే టెన్షన్ ఉండదు.

వాస్తవం: బట్టీ పడితేనే టెన్షన్ ఎక్కువ. ఒక్క మాట మర్చిపోయినా ఆ తర్వాతిదంతా పోతుంది. ఇంట్లో బీపీ ఎలా చూసుకోవాలో చెప్పడానికి ఒక నర్సు గారు పేజీన్నర రాసుకొచ్చారు. మూడో వాక్యం దగ్గరే ఆగిపోయారు. కాగితం తీసేసి, బీపీ మెషిన్ చేతికిచ్చి, పక్కన కూర్చున్న ఆయనకు చెప్పమన్నాను. 'సిట్ ఫైవ్ మినిట్స్. నో టాకింగ్. ఫీట్ ఆన్ ద ఫ్లోర్. ఆర్మ్ హియర్, సేమ్ హైట్ యాజ్ హార్ట్.' వాక్యాలు పూర్తిగా లేవు. అయినా ఆయన ప్రతిదీ సరిగ్గా చేశారు. వాక్యాలు ఆ తర్వాత సరిదిద్దుకున్నాం.

సాధనకు భాషా బోధన పరిశోధకుడు పాల్ నేషన్ 1989లో వివరించిన 4-3-2 పద్ధతి నాకు బాగా పనికొస్తుంది. అదే విషయాన్ని ఒకరికి 4 నిమిషాల్లో, ఇంకొకరికి 3 నిమిషాల్లో, మరొకరికి 2 నిమిషాల్లో చెప్పాలి. ప్రతిసారీ వినేవాళ్లు కొత్తవాళ్లు కాబట్టి మళ్లీ చెప్పడం విసుగనిపించదు.

అపోహ: మాటల విలువ 7 శాతమే, మిగతా 93 శాతం గొంతు, బాడీ లాంగ్వేజ్.

వాస్తవం: ఈ లెక్క 1967లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. వాటిలో విడివిడి మాటలను రకరకాల స్వరాల్లో వినిపించారు, ముఖాల ఫొటోలు చూపించారు. మాట్లాడే మనిషికి ఎదుటివారంటే ఇష్టమో కాదో ఊహించమన్నారు, అంతే. పని నేర్పే మాటలకు దానితో సంబంధం లేదు. ఐదు నిమిషాలు కూర్చోవాలన్న సంగతి సైగలతో ఎలా చెబుతారు?

అపోహ: యాస మార్చుకోవాలి, ప్రతి తప్పునూ టీచర్ అక్కడికక్కడే దిద్దాలి.

వాస్తవం: తెలుగు యాసతో నాకు ఏ ఇబ్బందీ లేదు. వినేవాళ్ల చేత తప్పు పని చేయించే పొరపాటు దగ్గర మాత్రమే ఆపుతాను. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా వినిపించకపోతే ఆపాలి. బిఫోర్ బదులు ఆఫ్టర్ అంటే ఆపాలి. మిగతావి చివర్లో చూసుకోవచ్చు.

అపోహ: 'ఎనీ డౌట్స్?' అంటే ఎవరూ మాట్లాడలేదు, కాబట్టి అందరికీ అర్థమైంది.

వాస్తవం: నలభై ఏళ్ల మనిషి నలుగురిలో 'నాకు అర్థం కాలేదు' అనడం చాలా కష్టం. అందుకే మా క్లాసులో ఆ ప్రశ్నే వేయనివ్వను. విన్నవాళ్లలో ఒకరు లేచి ఆ పని చేసి చూపించాలి. చెప్పినవారు అప్పుడు నోరు మెదపకూడదు. ప్రజెంటేషన్ బాగుందా లేదా అన్నది నేను అక్కడే తేలుస్తాను.

బీపీ డెమో అయ్యాక ఒకావిడ లేచి, మెషిన్ పట్టీని, అంటే కఫ్‌ను, జాకెట్టు చెయ్యి మీదే చుట్టుకున్నారు. బట్ట పైకి జరిపి చర్మానికి ఆనేలా చుట్టాలన్న సంగతి నర్సు గారు చెప్పనే లేదు. రోజూ చేసే పని కదా, అదో స్టెప్పని ఆమెకు తట్టలేదు. పనిలో ఆరితేరినవాళ్లు వదిలేసేవి ఇలాంటివే. ఎన్ని స్లైడ్లు వేసినా ఇవి బయటపడవు, వినేవాళ్ల చేత చేయిస్తేనే తెలుస్తాయి. అందుకే ఐదు నిమిషాల్లో మూడు చెప్పడానికి, రెండు వాళ్లు చేసి చూపడానికి అని ముందే విడగొట్టి పెడతాను.